ఉప్పు – తగినంత

కాకినాడ దాటి సముద్రం వైపు తిరిగితే రోడ్డుకి ఒక పక్క ఉప్పుమళ్ళు, రెండో పక్క పోషకాహార శాస్త్ర, విధాన పీఠం కనిపిస్తాయి. ఉప్పుమళ్ళలో ఉప్పు పండుతుంది. పీఠంలో ఉప్పు మీద పరిశోధన పండుతుంది. మధ్యలో ప్రహరీగోడ ఉండటం వల్ల ఇన్నేళ్ళూ ఒకరి జోలికి ఒకరు పోకుండా గౌరవంగా బతికారు.

పీఠం పేరులో శాస్త్రానికీ విధానానికీ మధ్య ఒక కామా ఉంది. చూడ్డానికి చిన్నదే గానీ దాని మీదుగా ఎవరూ దాటలేరు. మనిషి ఏం తింటే ఏమవుతుందో శాస్త్ర విభాగం వాళ్ళు తేలుస్తారు. మనిషి ఏం తినాలో విధాన విభాగం వాళ్ళు చెబుతారు. ఈ రెండు పనులకీ సంబంధం ఏర్పడకుండా రెండు విభాగాల వాళ్ళూ కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

తాయారు ఆ కామా మీద కూర్చుని పీహెచ్‌డీ చేస్తున్న మనిషి. అమలాపురం పక్క పల్లె. నాయనమ్మ పేరు పెట్టారు కాబట్టి పేరు పాతదే గానీ మనిషి కొత్తదే. "వసతిగృహ విద్యార్థుల భోజనంలో ఉప్పు: శాస్త్రీయ పరిశీలన, విధాన సూచనలు" అన్నది ఆమె పరిశోధన గ్రంథం. రెండు విభాగాల వాళ్ళూ తమ మాట పడందే ఊరుకోలేదు కనక పేరు అంత పొడుగయింది. గ్రంథం ఎలాగో పూర్తయింది. రామచంద్రపురంలో ఒక కాలేజీ వాళ్ళు లెక్చరరు ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే కాలేజీ తెరిచేలోగా డాక్టరేటు చేతిలో ఉండాలన్నారు. లేకపోతే ప్రిన్సిపాలుగారి తోడల్లుడి కూతురు సిద్ధంగా ఉందని కూడా దాపరికం లేకుండా చెప్పారు. ఆ ఉద్యోగం తాయారుకి కావాలి. చాలా కావాలి. చదువు ఎప్పుడవుతుందని అడిగే చుట్టాలకి చెప్పడానికి ఆమె దగ్గరున్న జవాబులన్నీ అయిపోయాయి.

గ్రంథం చివర అనుబంధంలో హాస్టల్ వంటకాల తయారీ విధానం పెట్టింది. ఆమె గైడు, విధాన విభాగం పెద్ద అయిన ప్రొఫెసర్ చయనులు గారు, గ్రంథం మొత్తం మీద శ్రద్ధగా చదివింది ఆ అనుబంధం ఒక్కటే. భోజనం వేళయింది మరి. టమాటా పప్పు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇక్కడ 'ఉప్పు – తగినంత' అని రాశావు. తగినంత అంటే ఎంత?"

"తగినంతేనండి మాస్టారూ."

"అదే, ఎంతని?"

"సరిపోయినంతండి."

"సరిపోవడం అంటే?"

"తగినంత ఉండటమండి."

చయనులు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఉప్పు మీద డాక్టరేటు పుచ్చుకోబోతూ ఉప్పు ఎంతో చెప్పలేకపోవడం బాగుంటుందా? డైరెక్టరుగారి చెవిన వేసి వద్దాం, పద," అన్నారు.

డైరెక్టరు విరూపాక్షం గారికి ఏడాదికొక పిచ్చి పట్టేది. పోయినేడు చిరుధాన్యాలు. అప్పుడు కాన్పుకి వెళ్ళిన టైపిస్టుకి కూడా పండూ పసుపూ బదులు కొర్రలు పెట్టి పంపారు. ఈ ఏడాది ఆయన ఏదో సదస్సుకి వెళ్ళొచ్చి 'నిర్దిష్టత' అనే మాట పట్టుకున్నారు. అటెండరు టీ తెస్తే "ఎంత వేడి?" అని అడిగేవారు. అలాంటి మనిషి చెవిన 'తగినంత' పడింది.

"దేశమంతటా వంటల పుస్తకాల్లో ఈ మాట ఉందంటారా?" అన్నారాయన లేచి నిలబడి.

"తెలుగు పుస్తకాలన్నిట్లోనూ ఉందండి," అంది తాయారు. "మా అమ్మమ్మ కూడా అదే చెప్పేదండి."

"అంటే తరతరాలుగా ఒక జాతి జాతంతా ఎంత తింటున్నదో తెలియకుండా తింటున్నది! ఈ అనిర్దిష్టతకి ఈ పీఠం చరమగీతం పాడుతుంది. తాయారమ్మగారూ, మీ గ్రంథాన్ని నిలుపుదల చేస్తున్నాను. ఇది మీ మీద కోపంతో కాదు, ఉప్పు మీద గౌరవంతో."

తాయారుకి అక్కడే ఏడుపొచ్చింది. ఆ మాట కొట్టేసి ఏదో ఒక అంకె వేస్తానని బతిమాలింది. తెలియని అంకె వేయడం శాస్త్రద్రోహం అవుతుందన్నారు డైరెక్టరుగారు.

మర్నాడు నోటీసుబోర్డు మీద ఉత్తర్వు పడింది. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, 'తగినంత' అను పదము యొక్క పరిమాణము నిర్ధారణ కానందున, సదరు పదముచే సూచింపబడు పదార్థము యొక్క వాడుకను పీఠము ఆవరణయందు తదుపరి ఉత్తర్వుల వరకు తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది." కింద రిజిస్ట్రారు నరసింహం గారి సంతకం. పీఠంలో తాత్కాలికం అనే మాటకి చాలా ఆయుష్షు ఉంది. తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డులో తాత్కాలికంగా చేరిన గుమస్తా ఒకాయన మొన్ననే సన్మానం చేయించుకుని రిటైరయ్యాడు.

హాస్టల్ వంటశాల పెద్ద పోలిశెట్టి ఆ ఉత్తర్వు చదివించుకుని, ఉప్పు డబ్బాకి తాళం వేసి, తాళంచెవి వార్డెనుకి అప్పజెప్పాడు. అతనికి బాధ కలగలేదు సరికదా, పెద్ద బరువు దిగింది. ఇన్నాళ్ళూ ఉప్పు తక్కువైందని కొందరు, ఎక్కువైందని కొందరు తిట్టేవారు. ఇప్పుడు తిట్లు తినడానికి ఉత్తర్వు ఒకటి దొరికింది.

"పప్పు ఇంత చప్పగా ఉందేంటండి పోలిశెట్టిగారూ?" అని తాయారు అడిగింది.

"చప్పగా లేదండి. ఉత్తర్వు ప్రకారం ఉందండి, ఆయ్," అన్నాడు పోలిశెట్టి గరిటె కడుగుతూ. "మీరేదో రాసేరంట కదండి, అందుకని ఆపేరంట. అందరూ మీ పేరే చెప్తన్నారండి."

నిజంగానే అందరూ ఆమె పేరే చెబుతున్నారు. మొదటిరోజు కుర్రాళ్ళు కంచాలు వాయించారు. రెండోరోజు గేటు దగ్గర బైఠాయించారు. వాళ్ళని శాంతింపజేయడానికి డైరెక్టరుగారు తాను కూడా చప్పిడి తింటానని మైకులో ప్రకటించారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆవరణ అంటే క్వార్టర్సు కూడా ఆవరణే కనక, అధికారుల ఇళ్ళలో ఉప్పుడబ్బాలు కూడా జప్తు చేయించారు. రిజిస్ట్రారుగారి భార్య ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని పిఠాపురం పుట్టింటికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు సంచులు వెతకడం మొదలుపెట్టారు. మాగాయ దొరికింది, ఒడియాలు దొరికాయి, ఒక లెక్చరరు సాక్సులో ఎండుచేప దొరికింది.

తాయారుకి మాత్రం వాళ్ళ పెద్దమ్మ పంపిన ఆవకాయ జాడీ ఒకటి ఉంది. దాన్ని ల్యాబులో పై అరలో పెట్టి, "నమూనా. ముట్టరాదు" అని చీటీ అంటించింది. సెక్యూరిటీ వాళ్ళు దేనికీ భయపడరు గానీ నమూనాకి భయపడతారు. రోజూ మధ్యాహ్నం ఆమె ఆ నమూనాని పరిశీలించడానికి ఒక గిన్నెడు అన్నం పట్టుకుని వెళ్ళేది.

*

'తగినంత' నిర్ధారణ సంఘం మొదటి సమావేశానికి తాయారుని కూడా పిలిచారు. ఆహ్వానంలో ఆమె హోదా "మూలకారకురాలు" అని ఉంది.

శాస్త్ర విభాగం పెద్ద డాక్టర్ ఎస్తేరు గారు రాగానే తేల్చేశారు. "ఇందులో ఇంత తతంగం దేనికండీ? 'అంత' అన్నారంటే పరిమాణం. పరిమాణం శాస్త్రం పరిధిలోది. మాకొదిలెయ్యండి. పదిమందికి పప్పు పెట్టి, చెంచా చెంచా పెంచి, మూతులు చూసి చెప్పేస్తాం."

"ఆగమ్మా, ఆగు," అన్నారు చయనులు గారు. "అందులో ఒక్క 'అంత' మాత్రమే లేదు. తగిన, అంత. రెండు పదాలు. ఏది తగును, ఏది తగదు అని చెప్పడమే కదా విధానమంటే? పైగా 'తగిన' ముందొచ్చింది. మా పదం ముందు, మీ పదం వెనక."

"ముందొచ్చి ఏం లాభమండీ? అకారసంధి జరిగింది కదా. సంధిలో ఎగిరిపోయింది మీ పదం చివర ఉన్న అకారం. మా 'అంత' చెక్కు చెదరలేదు."

చయనులు గారి ముఖం కందిపోయింది. "ఎగిరిపోలేదు. మేము త్యాగం చేశాము."

"త్యాగం చేసినవాళ్ళు మళ్ళీ అడగకూడదు."

"విన్నారా డైరెక్టరుగారూ! మా అకారం మింగేసి పైగా మాకు నీతులు!"

డైరెక్టరుగారు చెయ్యెత్తారు. "గౌరవ సభ్యులు శాంతించాలి. సమస్య సంధి వల్ల వచ్చింది కనక సంధి విడదీయాలి. 'తగిన' ఉపసంఘానికి చయనులు గారు అధ్యక్షులు. 'అంత' ఉపసంఘానికి ఎస్తేరు గారు అధ్యక్షురాలు. రెండు నివేదికలూ వచ్చాక వాటిని కలపడానికి సంధి ఉపసంఘం వేస్తాం."

"నా గ్రంథం ఎప్పటికి వస్తుందండి?" అని అడిగింది తాయారు.

"సంధి కుదిరాక," అన్నారు ముగ్గురూ. ఆ రోజంతటిలో వాళ్ళ ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరిన మాట అదొక్కటే.

*

ఇంతవరకూ అయితే చప్పిడి తిని బతికేసేవాళ్ళేమో. కానీ రిజిస్ట్రారు నరసింహం గారు నిబంధన అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన గొంతు ఎత్తితే ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళు కూడా పారలు ఆపి చూసేవారు. అర్థం తేలని మాట పప్పులో పనికిరానప్పుడు, పీఠం నిబంధనల్లో మాత్రం ఎలా పనికొస్తుందని ఆయనకి ధర్మసందేహం వచ్చింది. నియమావళి తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఆ మాటే తగిలింది. తగిలినచోటల్లా ఎర్రసిరాతో కొట్టేసి, దానికి సంబంధించిన సదుపాయం నిలుపుదల చేస్తూ పోయారు.

"గ్రంథాలయంలో తగినంత నిశ్శబ్దం పాటించవలెను" అని ఉంది కనక గ్రంథాలయం మూతపడింది. "స్నానపు గదులలో తగినంత నీరు ఉంచవలెను" అని ఉంది కనక కుళాయిలు కట్టేశారు. జ్వరం వచ్చిన వాళ్ళకి తగినంత విశ్రాంతి రాసే అధికారం పోవడంతో, ఆవరణలోని డాక్టరుగారు అందరికీ మాత్రలిచ్చి మేలుకొని ఉండమని పంపించేవారు. బస్సు డ్రైవరు ముందు బండికి తగినంత దూరం పాటించాలన్న నియమం పోయింది కనక, ఎందుకైనా మంచిదని బస్సుని షెడ్డులోనే ఉంచేశాడు.

మామూలు రోజుల్లో అయితే ఈపాటికి పీఠం అట్టుడికిపోవాలి. చిత్రం ఏమిటంటే ఎవరూ ఏమీ అనలేదు. మన వైపు ఎవరైనా మాట పడి ఊరుకుంటే, ఉప్పూ కారం తినడం లేదా అని అడుగుతాం. ఏదో మాటవరసకి అంటామనే అందరూ అనుకుంటారు. పీఠంలో అది ప్రయోగపూర్వకంగా రుజువైపోయింది. చప్పిడి తినగా తినగా జనానికి రోషం హరించుకుపోయింది. కంచాలు వాయించిన కుర్రాళ్ళే ఇప్పుడు ఖాళీ కుళాయి ముందు సబ్బు పట్టుకుని వరసలో నిలబడి, కాసేపటికి దండం పెట్టి వెళ్ళిపోతున్నారు. విద్యార్థి సంఘం నాయకుడు నినాదం ఇవ్వడానికి పిడికిలెత్తి, ఎందుకెత్తాడో గుర్తురాక తల గోక్కున్నాడు. సాయంత్రం క్రికెట్లో బ్యాట్స్‌మనే "మీరడుగుతున్నారంటే అవుటయ్యే ఉంటానులెండి" అని వెళ్ళిపోయేవాడు.

తాయారు ఈ సంగతి అందరికంటే స్పష్టంగా చూసింది. ఆమెకి మాత్రం రోజుకి రెండుసార్లు కోపం వస్తూనే ఉంది. అది ఆవకాయ మహిమ అని ఆమెకి మెల్లగా అర్థమైంది.

ఒకరోజు వరండాలో చయనులు గారూ ఎస్తేరు గారూ ఎదురుపడ్డారు. దెబ్బలాట అయితే ఏదో ఒకటి తేలుతుందని ఆశపడి తాయారు స్తంభం పక్కన ఆగింది.

"మీరు చెప్పిందే నిజమనిపిస్తోందమ్మా. ఎగిరిపోయిన అకారం మాదే," అన్నారు చయనులు గారు.

"అయ్యో, లేదండీ. మీ 'తగిన' లేకపోతే మా 'అంత'కి అర్థమేముంది? మీరే తేల్చండి."

"మీరే తేల్చాలి."

"మీ తరవాతేనండి."

"అబ్బే, మీరు కానివ్వండి."

అలా ఒకరినొకరు ముందుకు పొమ్మంటూ ఇద్దరూ వెనక్కి వెళ్ళిపోయారు. దెబ్బలాడుకున్నప్పుడు తేలనిది, ఇద్దరూ ఒప్పేసుకున్నాక కూడా తేలలేదు.

రామచంద్రపురం నుంచి ఫోను వచ్చింది. కాలేజీ తెరిచే రోజు దగ్గరపడిందనీ, తోడల్లుడి కూతురు అప్పుడే ఊళ్ళో గది చూసుకుంటోందనీ చెప్పారు. తాయారు పరుగున రిజిస్ట్రారుగారి గదికి వెళ్ళింది. నరసింహం గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి ఉప్పుమళ్ళ వంక చూస్తున్నారు. ఆ పెద్ద గొంతు ఇప్పుడు పక్కనున్నవాళ్ళకి కూడా వినిపించడం లేదు.

"నా వైవా జరిపించండి సార్. సంఘం నిర్ణయం వచ్చినప్పుడు ఆ అనుబంధం మార్చి ఇచ్చేస్తాను."

"వైవాకి కూర్చోబెట్టాలంటే హాజరు తగి... ఆ మాట అనకూడదమ్మా. అంత ఉండాలి."

"నేను ఒక్కరోజు కూడా మానలేదు కదండీ!"

"మానలేదు. కానీ అది అంతో కాదో చెప్పడానికి లేదు. మాట నిలుపుదలలో ఉంది."

"పోనీ సంఘాన్ని వెంటనే కూర్చోమనండి."

"సంఘం కూర్చోవాలంటే అంతమంది సభ్యులు హాజరవ్వాలని నియమం. ఎంతమంది అన్న చోట అదే మాట ఉంది. కొట్టేశాను."

తాయారు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "అంటే ఆ మాట తేలితే గానీ సంఘం కూర్చోదు..."

"కూర్చోదు."

"సంఘం కూర్చుంటే గానీ ఆ మాట తేలదు..."

"తేలదు," అన్నారు నరసింహం గారు. తర్వాత చిన్నగా నవ్వారు. "చాలా చక్కగా కుదిరింది కదమ్మా? ఎక్కడా అతుకు కనపడదు."

*

ఆ మధ్యాహ్నమే డైరెక్టరుగారు తాయారుకి కబురు పెట్టారు. ఆయన కూడా చిక్కి సగమయ్యారు గానీ ముఖం వెలిగిపోతోంది.

"తాయారమ్మగారూ, మీరు తెలియక చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఈ ఆవరణలో సమ్మె లేదు, ఊరేగింపు లేదు, ఒక్క ఆకాశరామన్న ఉత్తరం లేదు. నిన్న నేను ఒక గుమస్తాని అకారణంగా తిడితే అతడు 'మీ దయ' అన్నాడు! చప్పిడి భోజనము, సంస్థాగత ప్రశాంతత. ఈ అంశం మీద విధాన పత్రం ప్రభుత్వానికి పంపుతున్నాను. రాష్ట్రంలోని వసతిగృహాలన్నింటా, ఆ పైన కార్యాలయాలన్నింటా అమలు చేయవచ్చును."

"నాకెందుకండీ ఇదంతా?"

"మీ గ్రంథమే దానికి ఆధారం కావాలి. ముగింపు అధ్యాయం మార్చండి. ఉప్పు తీసేస్తే మనిషి ఉత్తమ పౌరుడవుతాడని మీ పరిశోధనలో తేలినట్టు రాయండి. అలా రాస్తే అనుబంధమే అక్కర్లేదు. అనుబంధం లేకపోతే ఆ మాటా లేదు. రేపే వైవా, ఎల్లుండే పట్టా."

తాయారుకి రామచంద్రపురం కళ్ళముందు మెదిలింది. ఒక్క అధ్యాయం. ఎవరూ చదవని అధ్యాయం. చయనులు గారు కూడా అనుబంధమే చదువుతారు. ఆమె "సరే" అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఆ పూట ఆమె ఆవకాయ ముక్క ఒకటి ఎక్కువే తిని వచ్చింది.

"రాయనండి," అంది.

"కారణం?"

"ఆ పప్పు మీరూ తింటున్నారు కదండీ, మీకు తెలీదా? అది తిని ఊరుకున్నవాళ్ళు ఉత్తములు కారండి, ఓపిక లేనివాళ్ళు. నేను చూసింది రాస్తాను గానీ మీకు కావలసింది రాయను. ఉద్యోగం పోతే పోనివ్వండి." అని లేచి వచ్చేసింది. ఉద్యోగం పోతే పోనిమ్మని అన్నంత తేలిక కాదు అలా అనుకుని బతకడం.

తిన్నగా ల్యాబుకి వెళ్ళింది. జాడీలో అడుగున మిగిలిన ఆవకాయ చూసింది. ఆ తర్వాత ఏం చేయాలో తెలిసిపోయింది. జాడీ కొంగు చాటున పెట్టుకుని, క్యారేజీలో వేడి అన్నం తీసుకుని రిజిస్ట్రారుగారి గదికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"సార్, దీన్ని మీరొకసారి పరిశీలించాలి. నమూనా."

నరసింహం గారు చీటీ చదివారు. "ముట్టరాదని ఉందే."

"రిజిస్ట్రారుగారి అనుమతితో ముట్టవచ్చండి. మీరే రిజిస్ట్రారుగారు."

ఆ తర్కం నిబంధనలకి లోబడి ఉన్నట్టు తోచి ఆయన ముద్ద కలిపారు. నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. రెండో ముద్దకి చెవులు ఎర్రబడ్డాయి. మూడో ముద్దకి ముక్కు ఎగబీల్చి "మా ఆవిడ పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అన్నారు. గొంతు కొంచెం పెరిగింది. జాడీ గోడలకి అంటుకున్నది కూడా వేలితో తుడిచి తిన్నారు. చెయ్యి కడుక్కుందామని కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు.

"నీళ్ళు ఆపిన వెధవ ఎవడు?" అని గర్జించారు. ఉప్పుమళ్ళలో పారలు ఆగాయి.

"మీరేనండి," అంది తాయారు.

"నేనా! నాకు బుద్ధి లేకపోతే మీకందరికీ లేదా? ఒక్కడైనా అడగొద్దా? పదమ్మా!"

చేతికి ఆవకాయ అలాగే ఉండగా ఆయన వరండా వెంట నడిచారు. ఆ వాసనకి గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. డైరెక్టరుగారి గది తలుపు గోడకి కొట్టుకుంది.

"ఈ ఉత్తర్వు రద్దు చేస్తున్నాను!" అన్నారు నరసింహం గారు.

డైరెక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "రద్దుకి కారణం చూపాలి కదా."

"తగినంత కారణం ఉంది!"

గదిలో ఉన్న గుమస్తాలు చెవులు మూసుకున్నారు. "ఆ మాట... నిలుపుదలలో ఉంది," అన్నారు డైరెక్టరుగారు నీరసంగా.

"అంటాను! తగినంత! మళ్ళీ అంటాను, తగినంత! తగినంత ఉప్పు, తగినంత నీళ్ళు, తగినంత నిద్ర! ఉత్తర్వు కింద సంతకం నాది. పెట్టిన చెయ్యి ఇదే, కొట్టేసే చెయ్యి ఇదే!" అంటూ ఆవకాయ చేత్తోనే ఉత్తర్వు మీద అడ్డంగా ఒక్కటి గీశారు. ఎర్రసిరా అక్కర్లేకపోయింది.

అందరూ డైరెక్టరుగారి వంక చూశారు. ఆయన ఒక్కమాట కాదంటే మళ్ళీ సంఘం, మళ్ళీ సంధి. కానీ విరూపాక్షం గారు మాట మీద నిలబడే మనిషి కదా, ఇన్నాళ్ళూ నిజంగానే ఉప్పురాయి ముట్టలేదు. కోప్పడదామని లోపలంతా వెతుక్కున్నారు. అక్కడ ఏమీ దొరకలేదు.

"అలాగే కానివ్వండి," అన్నారు. "మీ దయ."

*

రామచంద్రపురం కాలేజీ తెరిచేలోపే జరిగిన వైవాకి బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు తల నెరిసిన పెద్దావిడ. గ్రంథం మొత్తం చదివి వచ్చారు. అలాంటి వాళ్ళు కూడా ఉంటారని పీఠంలో ఎవరూ ఊహించలేదు. చయనులు గారూ ఎస్తేరు గారూ చెరో పక్క కూర్చున్నారు. ఇద్దరూ అప్పటికే కుర్చీ ఎవరిది ముందుండాలన్న దాని మీద మాటామాటా అనుకుని ఉన్నారు కనక ఆరోగ్యంగా కనిపించారు. పెద్దావిడ ప్రశ్న మీద ప్రశ్న వేశారు. తాయారు అన్నిటికీ చెప్పింది. చివరికి ఆవిడ గ్రంథం మూయబోయి, అనుబంధం దగ్గర ఆగారు.

"ఇక్కడ 'ఉప్పు – తగినంత' అని ఉందేమిటమ్మా? తగినంత అంటే ఎంత?"

చయనులు గారు కళ్ళజోడు తీశారు. ఎస్తేరు గారు కుర్చీలో ముందుకి జరిగారు. ఈ ఒక్క మాట మీద ఎంత జరిగిందో ఈవిడకి ఎలా చెప్పడం? చెప్పడం మొదలుపెడితే మళ్ళీ ఎక్కడ తేలడం?

"మీరింక అడగనంతండి," అంది తాయారు.

పెద్దావిడ ఆమె ముఖంలోకి చూశారు. ఇంకేదో అడగబోయి, ఆగి, నవ్వి, గ్రంథం మూసేశారు. సంతకం పెట్టేటప్పుడు, "మా అత్తగారు కూడా చెప్పలేకపోయేవారు," అన్నారు తనలో తాను.

తాయారు అక్కడి నుంచి తిన్నగా భోజనశాలకి వెళ్ళింది. దూరం నుంచే కేకలు వినపడ్డాయి. లోపల కుర్రాళ్ళంతా బెంచీలెక్కి కంచాలు వాయిస్తున్నారు. విద్యార్థి నాయకుడు పిడికిలెత్తాడు, ఈసారి ఎందుకెత్తాడో అతనికి బాగా గుర్తుంది. ఇన్నాళ్ళ తర్వాత తాళంచెవి చేతికొచ్చిన సంబరంలో పోలిశెట్టి పప్పులో ఉప్పు దంచేశాడు.

"ఇది పప్పా, సముద్రమా? ఒక్కసారి నోట్లో పెట్టుకు చూడండి!"

"తగినంతే ఏసేనండి! ఆయ్! ఏం, అప్పుడు లేదనేడిసేరు, ఇప్పుడుందని ఏడుత్తారా?"

"వార్డెన్ డౌన్ డౌన్!"

వార్డెను కూడా ఊరుకోలేదు. నరసింహం గారి గొంతు ఎక్కడి నుంచో అన్నిటినీ మించి వినిపిస్తోంది. తాయారు కంచం పట్టుకుని ఆ గోల మధ్యలో చోటు చూసుకుని కూర్చుంది. పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మారు వడ్డించుకుంది.